గుర్తు పైకే ఉంది

మొసలి పిల్ల గుడ్డులో ఉండగానే పిలుస్తుంది. ఇప్పటి పిల్లలకు ఈ సంగతి టీవీలో చూసి తెలిసే ఉంటుంది. నాకు ముప్ఫయ్యేళ్ళు దాటేదాకా తెలియదు. పెంకు పగలకముందే ఇసక అడుగు నుంచి సన్నగా కూత వస్తుంది. తల్లి ఆ కూత విని గుంత తవ్వి పిల్లల్ని బయటికి తీస్తుంది. మా సారు మొదటిసారి ఈ మాట చెప్పినప్పుడు ఎగతాళికి అంటున్నాడేమో అనుకున్నాను. ఆ తర్వాత ఒక ఎండాకాలమంతా ఇసక మీద చెవి ఆనించి ఆ కూత కోసం కాచుకున్నాను.

అడవి శాఖలో కొత్తగా చేరిన ఆడపిల్లలు కనిపించినప్పుడల్లా, అమ్మా, మీ రోజుల్లో ట్రైనింగులు ఉండేవా అని అడుగుతారు. ఉండేవి. కాకపోతే మాకు కాదు, దేశాలు దాటి మా దగ్గరికి వచ్చినవాళ్ళకు. అలాంటి ఒక ట్రైనింగులో జరిగిన సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు చల్లబడుతుంది. అందుకే రాస్తున్నాను.

నేను బడి గుమ్మం ఎక్కినదాన్ని కాదు. మా నాయన వాకిట్లో ఇసక పోసి, నా వేలు పట్టి అక్షరాలు దిద్దించాడు. కూడికలు, తీసివేతలు మా అమ్మ చింతగింజలతో నేర్పింది. అంతే నా చదువు. మా ఆయన ఫారెస్టు గార్డు. కామెర్లు ముదిరి పోయాడు. ఇద్దరు పిల్లలతో ఏం చెయ్యాలో దిక్కుతోచక కూర్చున్న రోజుల్లో ఒక ఆఫీసరు ఇంటికొచ్చి, మొసళ్ళ కేంద్రంలో రోజుకూలీ పని ఉంది, చేస్తావా అని అడిగాడు. దేవుడు ఏ రూపంలో వస్తాడో తెలియదంటారు. నా ఇంటికి జీపులో వచ్చాడు. ఆయనే మా సారు.

ఆ కేంద్రం మాచర్ల దాటి కృష్ణ వైపు పోయే దారిలో, అడవి మొదలయ్యే చోట ఉండేది. ఇప్పుడు లేదు. నాపరాళ్ళు నిలువునా పాతి కట్టిన ప్రహరీ, లోపల నాలుగు మడుగులు, ఒక రేకుల షెడ్డు. నదుల్లో మొసళ్ళు తగ్గిపోయాయని, గుడ్లు తెచ్చి పొదిగించి, పిల్లల్ని పెంచి మళ్ళీ నీళ్ళలో వదిలేవాళ్ళం. మొసలి గంగమ్మ తల్లి వాహనం. చేరిన రోజు మడుగు గట్టు మీద నిలబడి దణ్ణం పెట్టుకున్నాను. సారు చూసి నవ్వాడు.

షెడ్డులో నాతోపాటు ఇంకొక ఆడమనిషి ఉండేది. నాకంటే చానా పెద్దది. చుట్టం కాకపోయినా పెద్దమ్మా అని పిలిచేదాన్ని. పక్క ఊరే ఆమెది. కోడిని పొదగేసేటప్పుడు గుడ్లు ఆమె చేత పెట్టించుకోవాలని చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు ఇంటికొచ్చి పిలుచుకుపోయేవాళ్ళు. ఆమె చేత్తో పెట్టిన గుడ్డు మురగదని పేరు. మంచి చెయ్యి అనేవాళ్ళు. ఆ పేరు విని సారు కూడా ముచ్చటపడి పనిలో పెట్టుకున్నాడు. కోళ్ళయినా మొసళ్ళయినా గుడ్డు గుడ్డే గదా అని ఆయనే నవ్వుతూ అన్నాడు. ఆ మాట ఎంత దూరం పోతుందో అప్పుడు ఎవరికీ తెలియదు.

ఆ ఏడు మా మడుగులోని ఆడ మొసలి గట్టు ఇసకలో గుడ్లు పెట్టింది. మనుషులు కర్రలతో దాన్ని నీళ్ళలోకి తరిమి కాపు కాస్తే, సారు మోకాళ్ళ మీద కూర్చుని ఇసక తవ్వాడు. కదిలించకముందే ఒక్కో గుడ్డు పైభాగాన పెన్సిలుతో గీత గీసి, అదే వైపు పైకి ఉండేట్టు నా బుట్టలో ఇసక మీద పేర్చాడు. నేను బుట్ట ఎత్తుకుని, దేవుడి ఊరేగింపులో పళ్ళెం మోసినంత జాగ్రత్తగా షెడ్డుదాకా నడిచాను. అక్కడ ఇటుక తొట్లలో ఇసక నింపి ఉంచాం. గుడ్లన్నీ గుర్తు పైకి ఉండేట్టు పెట్టి, మీద ఇసక కప్పాం. అప్పుడు సారు మా ఇద్దరితో, ఏం జరిగినా సరే ఈ గుర్తు పైకే ఉండాలి అన్నాడు. సరేనన్నాం. ఎందుకని నేనూ అడగలేదు, పెద్దమ్మా అడగలేదు. తీర్థం కుడిచేత్తో పట్టమ్మా అని పూజారి అంటే ఎందుకని అడుగుతామా? ఇదీ అంతే అనుకున్నాం.

తెల్లవారి వచ్చి ఇసక తడపడం పెద్దమ్మ పని. నేను ఇంట్లో దీపం పెట్టుకుని, పిల్లలకు ఇంత వండిపెట్టి వచ్చేసరికి షెడ్డు ఊడ్చి, ఇసక తడిపి, అరచేత్తో చదును చేసి ఉంచేది. ఆ చదును చూస్తే ముచ్చటేసేది. థర్మామీటరు చూడడం, చీమలు పట్టకుండా కాపలా కాయడం, ఎండ ముదిరితే రేకుల మీద తడి గోనెలు పరచడం నా పని.

ఇంతలో కబురు వచ్చింది. వేరే వేరే దేశాల్లో అడవులనూ నదులనూ వాటిలోని జీవాలనూ కాపాడే పనిలో ఉన్నవాళ్ళు శిక్షణకు వస్తున్నారట. పట్నంలో పాఠాలు విని, చేతి పని నేర్చుకోవడానికి మా దగ్గరికి వస్తారట. సారు మమ్మల్ని పిలిచి విషయం దాచకుండా చెప్పాడు. వాళ్ళ కళ్ళముందు పిల్లలు బయటికి వస్తే మా ఇద్దరినీ పర్మినెంటు చెయ్యమని ఆయనే పైకి రాస్తాడు. రాకపోతే ఇక్కడ పొదిగించడం దండగని షెడ్డు మూసేస్తారు, మేమిద్దరం ఇంటిదారి పట్టాల్సిందే.

ఆ రోజు నుంచి నా పూజలో గుడ్లు కూడా చేరాయి.

వచ్చినవాళ్ళు గుప్పెడు మంది. మన పక్క దేశాలవాళ్ళు కొందరు, ఆఫ్రికావాళ్ళు కొందరు. తూర్పు సముద్రంలో ఏదో దీవి నుంచి వచ్చిన ఒక అమ్మాయి ఉంది. వాళ్ళలో ఆడది ఆ ఒక్కతే. వాళ్ళ ఏట్లో మొసళ్ళు దాదాపు పోయాయని, తిరిగి తేవాలని వచ్చిందని సారు చెప్పాడు. పెద్దమ్మ ఆ పిల్లని ఎగాదిగా చూసి, "పంట్లాం ఏసుకుంటే ఏసుకుందిలే, ఆ దేశంలో జడేసే దిక్కు కూడా లేదంటనే?" అని కూర్చోబెట్టి, తలకు ఆముదం పట్టించి, లాగి జడ వేసింది. ఆ పిల్ల నొప్పికి కళ్ళనీళ్ళు పెట్టుకుంటూనే నవ్వింది. మర్నాటి నుంచి రోజూ తనే వచ్చి వీపు తిప్పి కూర్చునేది.

వాళ్ళిద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు. అయినా మాట్లాడుకునేవాళ్ళు. ఆ అమ్మాయి ఇంట్లో కూడా కోళ్ళున్నాయట. పొదుగుమీదున్న కోడి ఎట్లా గుర్రుమంటుందో పెద్దమ్మ చేసి చూపిస్తే, వాళ్ళ దేశపు కోడి ఎట్లా అంటుందో ఆ పిల్ల చేసి చూపించేది. రెండు దేశాల కోళ్ళూ ఒకటే మాట్లాడుతున్నాయని పెద్దమ్మ తీర్మానించింది. గోంగూర తిని చెవుల్లోంచి పొగలు పోయిన ఆఫ్రికా పెద్దాయన కూడా ఆ కోళ్ళ కచేరీకి వచ్చి కూర్చునేవాడు. నేను ఇన్ని దేశాల మనుషుల్ని మా నాపరాళ్ళ గోడ లోపల చూస్తానని కలలో కూడా అనుకోలేదు. ప్రతి పొద్దూ ఆశ్చర్యంగానే ఉండేది.

సారు వేసిన లెక్క ప్రకారం పిల్లలు లేవాల్సిన రోజు వచ్చింది. నేను ఇసక మీద చెవి పెట్టాను. ఏమీ లేదు. సారు పెట్టాడు. ఆ తర్వాత శిక్షణకు వచ్చినవాళ్ళంతా వరసగా తొట్ల పక్కన బోర్లా పడుకుని చెవులు ఆనించారు. రేకుల కింద ఉడుకు, చెమట. ఎవరూ గట్టిగా ఊపిరి కూడా తీయడంలేదు. ఏమీ లేదు. మొదట్లో చల్లగాలులు వీచాయి కాబట్టి ఆలస్యమవుతుంది అన్నాడు సారు. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. వాళ్ళు వెళ్ళే రోజు దగ్గర పడుతోంది. సారు అన్నం తినడం మానేశాడు. నేను మొక్కని దేవుడు లేడు.

చివరికి ఒక పొద్దున, అందరూ చుట్టూ నిలబడి ఉండగా, సారు ఇసక తీసి ఒక గుడ్డు పైకెత్తాడు. గుర్తు పైకే ఉంది. చిన్న కత్తితో పెంకు కోశాడు. లోపలి నుంచి వచ్చిన వాసనకు ముందు వరసలోవాళ్ళు వెనక్కి జరిగారు. పిల్ల ఉంది గానీ అది పిల్ల కాదు. బల్లి తోకంత ఉంది. రెండోది కోశాడు. అదీ అంతే. ఇంకో తొట్టిలో తీశాడు. అదీ అంతే. అన్నిటికీ గుర్తు పైకే ఉంది, అన్నీ చచ్చే ఉన్నాయి. అదీ నిన్నా మొన్నా కాదు, పిండం పడ్డ కొత్తల్లోనే పోయాయి. ఇన్ని వారాలుగా నేను గోనెలు తడిపి, చీమలు తోలి, దణ్ణాలు పెట్టింది చచ్చిన గుడ్లకు.

సారు మొహం చూస్తే నాకు భయం వేసింది. అంత కోపం ఆయనలో ఎప్పుడూ చూడలేదు. లేచి నా వైపు తిరిగాడు. మొదట్లోనే పోయాయంటే షెడ్డులో చూసేవాళ్ళు చూడలేదన్నమాట అన్నాడు. బుట్ట మోసింది నేను, థర్మామీటరు చూసేది నేను. ఎక్కడ ఏమరుపాటుగా ఉన్నావో నిజం చెప్పు అన్నాడు. పరదేశాల వాళ్ళంతా నన్నే చూస్తున్నారు. భాష రాకపోయినా ఆ గొంతు ఎవరికైనా అర్థమవుతుంది. ఏమరలేదని చెప్పాలి. కానీ ఇన్నాళ్ళూ చేసిన ప్రతి పనీ మనసులో తిరగేసుకుంటూ, నిజంగానే ఏమరిచానేమో అనిపించడం మొదలైంది. ఉద్యోగం పోయింది అనుకున్నాను. ఇంటి దగ్గర పిల్లలు కళ్ళలో మెదిలారు.

అప్పుడు పెద్దమ్మ చీపురు పక్కన పడేసి ముందుకొచ్చింది.

"ఏంది సారూ, ఆ పిల్లనట్టా నిలబెట్టి కడుగుతన్నావు? చూడకపోవటమేంది? అది కన్నబిడ్డల్నన్నా అట్టా చూసుకోలా. నేను మాత్తరం తక్కువ చేశానా? పొద్దున్నే వచ్చి ఒక్కో గుడ్డూ తీసి తిప్పి పెడతానే ఉన్నా గదా."

సారు వినబడనట్టు చూశాడు. "ఏం చేశావు?" అన్నాడు.

"తిప్పా. కోడయితే ముక్కుతో అదే తిప్పుకుంటది. వీటికి తల్లి లేకపోయె. ఎవురు తిప్పుతారు? ఒక్క రోజు కూడా మానలా, జొరమొచ్చిన రోజు కూడా వచ్చా. మొదటి రోజు కాణ్ణించీ."

"మరి గుర్తు?"

"అది పైకే ఉండాలన్నావు గదా. అందుకే మొత్తం ఒక చుట్టు తిప్పి మళ్ళీ గుర్తు పైకే పెట్టా. చూసుకో కావాలంటే, ఒక్కటన్నా తేడా ఉందేమో."

సారు ఇసకలో కూలబడ్డాడు. పెద్దమ్మ నా వైపు చూసి, ధైర్యంగా ఉండమన్నట్టు కళ్ళతోనే చెప్పింది. నన్ను కాపాడాననుకుంది. నిజానికి కాపాడింది కూడా. ఆమె ఏం చెప్పిందో, అందులో ఏముందో ఆమెకు తెలియదు. అప్పటికి నాకూ తెలియదు. సారు మొహంలోని కోపం ఎటు పోయిందో, ఆ చోట ఏదో చూడలేనిది వచ్చింది. అది మాత్రం నాకు తెలిసింది.

దీవి అమ్మాయి సారును ఇంగ్లీషులో అడిగింది, ఆమె ఏమన్నదీ అని. సారు చెప్పకుండా దాటవేయవచ్చు. గుడ్లే మంచివి కావనేస్తే సరిపోయేది, కేంద్రం పరువు దక్కేది. ఆయన ఇసకలో కూర్చునే ఒక్కో మాటా వాళ్ళ భాషలోకి మార్చి చెప్పాడు. వింటున్నవాళ్ళు ఒక్కొక్కరుగా తలలు దించుకున్నారు. ఆఫ్రికా పెద్దాయన నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. ఆ అమ్మాయి ఇంకో ప్రశ్న అడిగింది. సారు దాన్ని పెద్దమ్మకు తెలుగులో చెప్పాడు. గుర్తు పైకి ఉండాలన్నప్పుడు, ఎందుకో ఎవరైనా నీకు చెప్పారా అని అడుగుతోంది అన్నాడు.

"నాకెందుకు చెప్తారు సారూ? ఊడ్చేదానికి అయ్యన్నీ చెప్పుకుంటా కూసుంటారా? ఉంచమన్నారు, ఉంచా."

ఆ జవాబు కూడా సారు తన నోటితోనే అందరికీ చెప్పాడు. ఉంచమన్నది ఎవరు, ఎందుకో చెప్పనిది ఎవరు అనేది దాచుకోకుండా, తన గుండె మీద వేలు పెట్టి చూపించుకుని మరీ చెప్పాడు. అంతమంది ముందు ఒక ఆఫీసరు అట్లా చెయ్యడం నేను అంతకుముందు చూడలేదు, ఆ తర్వాత నా సర్వీసులోనూ చూడలేదు.

పెద్దమ్మకు అనుమానం వచ్చింది. నా చెయ్యి పట్టుకుని, "ఏమే, అట్టా చూస్తన్నారేంది? నేనేమన్నా తప్పు మాట్లాడానా?" అని గుసగుసగా అడిగింది.

అప్పుడు సారు మా ఇద్దరికీ చెప్పాడు. మొదటి రోజే చెప్పాల్సిన మాట. కోడిగుడ్డును తిప్పకపోతే లోపలి పిల్ల పెంకుకు అతుక్కుని చచ్చిపోతుంది. మొసలి గుడ్డు దానికి తిరగేసి. పెట్టిన కాసేపటికే పిల్ల పైపెంకుకు అతుక్కుంటుంది, ఆ అతుకు మీదే అది బతుకుతుంది. తిప్పితే ఆ అతుకు తెగుతుంది. తల్లి మొసలి గుడ్లు పెట్టి, మీద ఇసక కప్పి, పిల్లలు పిలిచేదాకా కాపలా కాస్తుందే తప్ప మళ్ళీ ముట్టదు. ఆయన నెమ్మదిగా, తిట్టకుండా, బిడ్డకు చెప్పినట్టు చెప్పాడు. అలా చెప్పడమే ఎక్కువ బాధగా ఉండింది.

పెద్దమ్మ ఏడవలేదు, అరవలేదు. అరచేతులు రెండూ తెరిచి వాటి వైపు చూసుకుంది. "అన్నీనా?" అంది. అట్లాగే చేతులు దూరంగా, తనవి కానట్టు పట్టుకుని షెడ్డులోంచి బయటికి పోయింది. నేను వెనకాలే వెళ్ళాను. మడుగు గట్టున ఆగింది. లోపల ఆ ఆడ మొసలి, తవ్వేసిన గుంత పక్కనే ఇంకా పడుకుని ఉంది. గుడ్లు తీసి ఇన్నాళ్ళయినా అది ఆ చోటు వదల్లేదు. పెద్దమ్మ మడుగు చుట్టూ పాతిన నాపరాయి మీద చెయ్యి వేసి దాన్ని చానా సేపు చూసింది. నేను పిలిచినా తల తిప్పలేదు. తర్వాత గేటు దాటి ఊరి వైపు నడిచి వెళ్ళిపోయింది.

మర్నాడు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. శిక్షణకు వచ్చినవాళ్ళు వెళ్ళే ముందురోజు సారు నన్ను పంపాడు. వెళ్ళేసరికి ఆమె వాకిట్లో కోళ్ళ గంప బోర్లించి ఉంది. కింద కోడి లేదు. ఉన్న కోళ్ళన్నీ ఎవరెవరికో ఇచ్చేసిందట. పక్కింటామె పొదగేయడానికి గుడ్లు పట్టుకుని వస్తే, నా చేత వద్దు తల్లీ అని తిప్పి పంపిందట. నేను పక్కన కూర్చుని, నీవల్లే నా ఉద్యోగం నిలబడింది పెద్దమ్మా, ఆ రోజు నువ్వు నోరు విప్పకపోతే నా పిల్లలు రోడ్డున పడేవాళ్ళు అన్నాను. అది నిజం. ఆ నిజం చెప్పడానికి నాకు సిగ్గుగా కూడా ఉంది. ఆమె నోరు విప్పింది నా కోసమే, పోగొట్టుకున్నది తనే.

సారు రమ్మంటున్నాడు, వాళ్ళు వెళ్ళేలోపు నిన్ను చూస్తామంటున్నారు అన్నాను.

"ఎందుకూ, మొకాన ఉమ్మెయ్యటానికా?" అంది. తర్వాత తనే, "చేసిన పాపం చెపితే పోద్దంటారు. ఆ రోజు తెలవక చెప్పా. తెలిసి చెప్పలా ఇంకా" అని లేచి, మొహం కడుక్కుని, ఉతికిన చీర కట్టుకుని నాతో వచ్చింది.

ఆ సాయంత్రం షెడ్డు ముందు అందరూ కూర్చున్నారు. పెద్దమ్మ నిలబడి మొదటి నుంచీ చెప్పింది. చెయ్యి ఎట్లా పెట్టిందీ, వేళ్ళతో ఇసక ఎట్లా తోడిందీ, గుడ్డును ఏ వైపు దొర్లించిందీ, మళ్ళీ ఎట్లా కప్పి చదును చేసిందీ చేసి చూపించింది. ఖాళీ చేతులతోనే. "తల్లిలేని గుడ్లని చేశా. నేను చేసేదేందో నాకు తెలవలా. మీ కాడ ఊడ్చేవోళ్ళకి, నీళ్ళు చల్లేవోళ్ళకి ముందు చెప్పుకోండి" అంది. సారు ఒక్కో మాటా మార్చి చెప్పాడు. అయిపోయాక దీవి అమ్మాయి లేచి వచ్చి ఆమె రెండు చేతులూ పట్టుకుని కళ్ళకు అద్దుకుంది. మన పద్ధతి ఆ పిల్లకు ఎవరు నేర్పారో, వాళ్ళ దేశంలోనూ ఉందో నాకు తెలియదు. నేను మాత్రం అక్కడే నిలబడి, దేవుడా, నన్ను ఈ చోట ఉంచినందుకు నీకు దణ్ణం అనుకున్నాను.

సారు జరిగింది జరిగినట్టు పైకి రాశాడు. దానివల్ల ఆయనకు రావాల్సిన ప్రమోషను ఆగింది. కారణం తెలిసింది కాబట్టి షెడ్డు మూయలేదు. మా ఇద్దరి కోసం ఆయన తిరగని ఆఫీసు లేదు. చివరికి నాకు ఆర్డరు వచ్చింది. పెద్దమ్మకు వయసు దాటిందన్నారు. రోజుకూలీగానే మొసళ్ళకు చేపలు వేసే పనిలో ఉండిపోయింది. షెడ్డు గుమ్మం మళ్ళీ తొక్కలేదు. కాకపోతే ఏ దేశం నుంచి ఎవరు శిక్షణకు వచ్చినా, మొదటి పాఠం ఆమెదే. సారు వద్దన్నా ఆమె మానలేదు. అది తన పనే అనేది. విన్నవాళ్ళు ప్రతిసారీ మొదట నవ్వేవాళ్ళు, కోళ్ళ సంగతి దగ్గర. తర్వాత ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయేవాళ్ళు.

కొన్నేళ్ళకు, చేపల తొట్టి దగ్గర ఇద్దరమే ఉన్నప్పుడు అడిగాను. పెద్దమ్మా, ఇన్నిసార్లు చెప్పావు గదా, ఆ పాపం పోయిందా అని.

"యాడ పోద్దే" అంది, అంటుకున్న చేపలు విడదీస్తూ. "పోయేదయితే ఇన్నిసార్లు ఎందుకు చెప్తా." ఇంకో రెండు చేపలు విడదీసింది. "ఆ జడ పిల్ల లేదూ, వాళ్ళ ఏటి కాడ గుడ్లన్నీ పిల్లలైనయ్యంట. నిన్న సారు చెప్పాడు."

అవునా అన్నాను.

"ఆఁ. ఒక్కటి కూడా మురగలేదంట" అని గంప ఎత్తుకుని మడుగు వైపు నడిచింది.